నాలుగో నిర్ణయం

భర్త చొక్కాలు బ్యాగులో కుక్కుతూ ఆవిడ విసుక్కుంది. "ఫ్యాక్టరీ మూసెయ్యమన్నారు, తెరవమన్నారు, మళ్ళీ మూసెయ్యమన్నారు. మీ హెడ్డాఫీసుకి ఒక మాటంటూ ఉండదా?"

"ఇదే ఆఖరు. పనివాళ్ళని పంపేశారు, కరెంటు తీసేశారు. తాళం వేసొచ్చేస్తానే," అన్నాడు మేనేజరు.

అర్ధరాత్రి ఫ్యాక్టరీ నుంచి ఫోన్ చేశాడు. వెనక మిషన్ల హోరు.

"కరెంటు లేదన్నారుగా?"

"లేదే. అంతా చీకటి. ఒక్క మనిషీ లేడు."

"హెడ్డాఫీసు వాళ్ళ మొహం! తాళమేదో వాళ్ళనే వేసుకోమనండి. మీరు వచ్చెయ్యండి!"

హోరు ఠక్కున ఆగింది. ఆ నిశ్శబ్దంలో, ఆయన పక్కనే ఎవరో మెల్లగా అన్నారు. "షిఫ్టు మొదలైంది సార్, రండి."

గురువారం పొద్దున, ఫ్యాక్టరీ మూయడం లేదని హెడ్డాఫీసు కబురు పంపింది. బుధవారం రాత్రి వెళ్ళిన మేనేజరు తిరిగి రాలేదు.