లైన్ క్లియర్ ఎవరిది?

"ఆ గడిలో నా పేరు రాసినారంటే ఊరుకునేది లేదు సార్!" ఉషారాణి కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

పెనుకొండ దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు. అదే కంపెనీ సైటు ఆఫీసు. కొత్తగా కడుతున్న గోడౌన్లకు కరెంటు లైను లాగే కాంట్రాక్టు వాళ్లది. బల్ల మీద పెద్ద తెల్ల కాగితం పరిచి, మేనేజర్ హరీష్ స్కేలు పెట్టి గడులు కొట్టాడు. ఎవరి పని ఏది, ఎవరి బాధ్యత ఎంత అన్నది అందులో నింపాలి. నిజానికి పని మొదలుపెట్టిన రోజే రాసుకోవాల్సిన కాగితం. ఇన్నాళ్లూ ఎవరికి పట్టింది గనక!

"కూర్చోమ్మా, అరిస్తే అయ్యే పని కాదు," అన్నాడు హరీష్. "ధర్మవరం నుంచి ఆఫీసర్లు బయల్దేరినారు. వాళ్లొచ్చేసరికి ఈ కాగితం ఫైల్లో ఉండాల. హిందూపురం నుంచి ఓనరు ఊపిరాడనీకుండా ఫోన్లు చేస్తాండాడు."

మిగతా గడులన్నీ ఇట్టే నిండాయి. సామాను తెప్పించేది ఉషారాణి. కూలీలను చూసుకునేది సూపర్‌వైజర్ సుంకన్న. జీపు, నిచ్చెనలు, తాళ్లు డ్రైవర్ తిమ్మప్పవి. స్తంభం ఎక్కేది నాగేంద్ర. అందరికీ తెలిసిన సంగతే, కొట్లాడటానికి ఏముంది?

తగువంతా ఒక్క గడి దగ్గరే వచ్చింది. లైన్ క్లియర్. మనిషి స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి కరెంటు ఆపించాలి. ఆపామని వాళ్ల నోటితో చెప్పాకే ఎక్కమనాలి. ఫోనంటే నిమిషం పని. కానీ పైనున్న మనిషికి ఏమైనా అయితే, పోలీసులు ముందు పట్టుకునేది ఆ గడిలో పేరున్న మనిషినే.

"ఫోన్ చేసేది ఎప్పుడూ మేడమే గదా సార్," అన్నాడు సుంకన్న. "సబ్‌స్టేషన్ నంబరు ఆమె కాడే ఉండాది."

"నంబరుంటే బాధ్యత నాదైపోతాదా? నీ ఫోన్లో లేదా ఆ నంబరు? స్తంభం కాడ నిలబడి 'ఎక్కురా' అని అరిచేది ఎవరు సుంకన్నా, నువ్వు కాదా?"

"నువ్వు ఫోన్ చేసుంటావని నమ్మే గదమ్మా నేను అరిచేది!"

"నువ్వు చేసుంటావని నమ్మే గదా నేను గమ్మున ఉండేది! ఈడ కుర్చీలో కూర్చున్నదాన్ని, ఆడ ఎవరెక్కినారో ఎవరు దిగినారో నాకు కనపడతాదా?"

"నోరు అదుపులో పెట్టుకో. ఆడమనిషివని చూస్తాండా."

"చూడొద్దు! ఏం చేస్తావో చెయ్యి, నేనూ చూస్తా!"

ఉషారాణికి ఒళ్లు మండిపోయింది. ఈ ఉద్యోగం పోతే మళ్లీ సొంతూరు రొళ్లకు పోయి వేరుశనక్కాయలు పీకే కూలికి వెళ్లాలి. ఉద్యోగం పోతే పోయింది, జైలు మాటేమిటి? ఇంటర్ చదివే కూతురుంది. దాని ముఖం కళ్లముందు మెదిలేసరికి, సుంకన్నను చెప్పు తీసుకుని కొట్టాలనిపించింది. ఇన్నేళ్లూ నోరారా అన్నా అని పిలిచిన మనిషి! ఎంత తేలిగ్గా తన మీదకు తోస్తున్నాడు!

"నన్ను మాత్రం ఇందులోకి లాగొద్దండప్పా," అన్నాడు తిమ్మప్ప మూలనుంచి.

"నిన్నెవరు లాగినారు? నోరు మూసుకుని కూర్చో," సుంకన్న వాడి మీదకు లేచాడు.

హరీష్ బల్ల మీద చరిచాడు. "మీ ఇద్దర్లో ఒకరు ఒప్పుకోండి. లేదంటే ఇద్దరి పేర్లూ రాసేస్తా."

"ముందు మీ పేరు రాసుకోండి సార్. ప్రాజెక్టు మేనేజరు మీరే గదా!" అంది ఉషారాణి.

హరీష్ ముఖం మాడిపోయింది. అంతసేపూ పెద్దమనిషి మాదిరి తీర్పులు చెప్పినవాడు కాగితం మీద నుంచి చెయ్యి తీసేశాడు. వాడికీ భయమే మరి. ముగ్గురూ ఒకరినొకరు కొరికేసేలా చూసుకుంటూ కూర్చున్నారు.

"లైన్ క్లియర్ ఎక్కేవాళ్లే తీసుకోవాలని రాస్తే పోలా?" అంది ఉషారాణి ఉన్నట్టుండి.

"అంటే?"

"ఎవరి పాణానికి వాళ్లే పూచీ. ఎక్కే ముందు తనే ఫోన్ చేసి కనుక్కోవాల. నాగేంద్ర పేరు రాయండి."

"అద్దీ మాట!" అన్నాడు సుంకన్న. అంతవరకూ ఉన్న రోషమంతా ఎక్కడికి పోయిందో!

"మన మాట నమ్మే గదా వాడు ఎక్కేది..." తిమ్మప్ప గొణిగాడు.

"డ్రైవరువి, డ్రైవరు మాదిరే ఉండు," ఉషారాణి కసిరింది. తిమ్మప్ప తల దించుకున్నాడు.

హరీష్ వెంటనే ఆ గడిలో నాగేంద్ర పేరు రాశాడు.

"తేదీ పోయిన నెలది వేయండి సార్," సుంకన్న గుర్తు చేశాడు. "పని మొదలైనప్పుడే రాసుకున్నట్లు ఉంటాది."

ఉషారాణి గుండెల మీద నుంచి బండ దించినట్లయింది. సీసా ఎత్తి గటగటా నీళ్లు తాగింది. గండం గడిచింది సరే, ఈ సుంకన్న ముఖం మాత్రం ఈ జన్మకు చూడకూడదని ఒట్టు పెట్టుకుంది. అవతల సుంకన్నా అంతే, ఆమె వైపు చూడకుండా చెప్పులు తొడుక్కుంటున్నాడు.

హరీష్ కాగితం ఫైల్లో పెట్టాడు. పెన్నుకు మూత పెట్టబోయి ఆగాడు.

"ఇంకొక్క పని ఉండాది, దానికీ ఒక పేరు చెప్పండి," అన్నాడు, "పొద్దున స్తంభం మీద కరెంటు కొట్టి నాగేంద్ర చచ్చిపోయినాడని కనగానపల్లిలో ఉన్న వాని పెండ్లానికి ఫోన్ చేసి చెప్పేది ఎవరు?"