ఫీజు లేని వకీలు

కేసు మళ్లీ వాయిదా పడింది.

అడిగింది కంపెనీ వకీలు. ఐలయ్య తరఫు వకీలు జ్యోత్స్న లేచి, "అభ్యంతరం లేదు సార్" అంది. ప్రతిసారీ అదే మాట. చదువుకున్న పిల్ల, ఆమె లెక్క ఆమెకు ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాడు ఐలయ్య.

ఐలయ్య తెల్లాపూర్‌లో వాచ్‌మన్. కొడుకు భాస్కర్ ఐటీ కంపెనీల మేడలకు తాడు మీద వేలాడుతూ అద్దాలు తుడిచేవాడు. ఓరోజు ఒక కంపెనీ మేడ మీద తాడు తెగి, కిందపడి చనిపోయాడు. "మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి" అంది కంపెనీ. పేపర్లో పడితే పరువు పోతుందని పరిహారం సొమ్ము మాత్రం తన వకీలు దగ్గర పెట్టి, తీర్పు వచ్చాక చూద్దామని చేతులు దులుపుకుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, తీర్పు వస్తేనా! కోర్టు చుట్టూ కాళ్లరిగేలా తిరగడం ఇది మూడో ఏడు.

అవతల బోరబండలో కిరాయి గది. అందులో భార్య మల్లమ్మ. గుండెకు ఆపరేషన్ చేయాలన్నారు దవాఖానలో. ఆ సొమ్ము చేతికొస్తేనే ఆపరేషన్. ఆయాసంతో పాపం పడుకోలేక, గోడకానుకుని కూర్చునే నిద్రపోతోంది.

కోర్టు నుంచి ఐలయ్య, జ్యోత్స్న ఆమె పనిచేసే రాయదుర్గంలోని ఉచిత న్యాయ కేంద్రానికి వచ్చారు. ఐలయ్య సంచిలోంచి సీతాఫలాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"అయ్యో, ఇవెందుకండీ ఐలయ్యగారూ!"

"ఫీజు తీసుకోకపోతివి, గివన్న తిను బిడ్డా. ఉత్తగ పని చేయించుకుంటుంటే నాకే సిగ్గుగుంటది. అవుగని, నీకు జీతం ఎవలిస్తరు?"

జ్యోత్స్న చేతిలోని ఫైలు బల్ల మీద పెట్టింది.

"పెద్ద పెద్ద కంపెనీలు వకీళ్ల దగ్గర సొమ్ము ఉంచుతాయండీ, పని తేలేదాకా. అది బ్యాంకులో ఉంటుంది. దాని మీద వడ్డీని బ్యాంకు మాలాంటి కేంద్రాలకు ఇస్తుంది. పేదవాళ్ల కేసులు చూడమని."

"ధర్మాత్ములు! మరి ఆ పైసలు తీస్కపోతే?"

"నా జీతమంతా ఒక్క ఖాతా వడ్డీలోంచే వస్తోందండీ. అది ఖాళీ అయితే నేనిక్కడ ఉండను."

ఐలయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఈ పిల్ల పోతే తన కేసెవరు చూస్తారు? మల్లమ్మ గతేం కాను?

"గట్లనకు తల్లీ!" గబుక్కున రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకున్నాడు. "ఎవల పైసలో ఏమో, ఎన్నటికీ బయటికి రావద్దు దేవుడా! అండ్లనే ఉండాలె. నా మల్లమ్మకు నయమయితే నీకు కొబ్బరికాయ కొడ్త."

జ్యోత్స్న తల వంచుకుని సీతాఫలాలను అతని వైపే నెట్టింది.

ఆ ఒక్క ఖాతాలో మూడేళ్లుగా ఉన్నది, భాస్కర్ ప్రాణానికి కంపెనీ కట్టిన పరిహారం.