మెరవని పూత

“మూడింటికల్లా అయిపోవాలె సార్,” అంటూ పెంటయ్య గోనెసంచిని బల్ల మీద బోర్లించాడు. తుప్పుపట్టిన ఇనుప సామాన్లు రెండు దబ్బుమని పడ్డాయి. ఒకటి ఇంజనులోకి గాలి తోసే టర్బో గుల్ల, రెండోది ఇంజను పొగను దానికి చేరవేసే మానిఫోల్డు.

హరిప్రసాద్‌కి ఒళ్లు మండింది. ఆరాంఘర్ చౌరస్తా దగ్గర రేకుల షెడ్డులో ఆరేళ్లుగా వేడికి తట్టుకునే సిరామిక్ పూతలు వేస్తున్నాడు కాని, పదింటికి తెచ్చి మూడింటికి ఇమ్మన్నవాణ్ణి ఇంతవరకు చూడలేదు.

“ఇదేమైనా గోడకి సున్నమా? ఇసుకతో కొట్టి తుప్పు రాల్చాలి, పూత వేయాలి, ఓవెన్‌లో కాల్చాలి, చల్లారనివ్వాలి. రేపు రండి.”

“రేపు కోత ఉన్నది సార్. మా బామ్మర్ది పొద్దుగాలనే ఇప్పిండు, మాపటికి మల్ల బిగియ్యాలె.”

“ఏ బండివి?”

“వరికోత మిషన్‌వి. తొండుపల్లిల ఉన్నది.”

హరిప్రసాద్ అతన్ని ఎగాదిగా చూశాడు. లక్షలు పోసి కొన్న మిషన్! ఈయన చూస్తే చెప్పుకి పిన్నీసు పెట్టుకుని షేర్ ఆటోలో దిగాడు. ఎంగిలి చేత్తో కాకిని తోలని రకం కాబోలు అనుకున్నాడు.

“మూడు రకాలున్నాయి. ఇది వెండిరంగు పెయింటు, చవక. ఇది అద్దంలా మెరిసే పూత, కుర్రాళ్లు కార్లకి వేయించుకుంటారు. ఈ బూడిదరంగుది అన్నిటికన్నా ఎక్కువ వేడి ఓరుస్తుంది. ధర రెండింతలు.”

“గడ్డి ఏది మీద వడితె అంటుకోదు?”

అడగడమే కాదు, పెంటయ్య తువ్వాలు కొంగు ముడి విప్పి గుప్పెడు ఎండుగడ్డి తీశాడు. హరిప్రసాద్‌కి నవ్వొచ్చింది. అయినా మూడు పూతలూ వేసి ఉంచిన నమూనా గొట్టాలు దించి, ఒక్కోదాని లోపల గ్యాసు మంట పెట్టి, పైన పరకలు వేయమన్నాడు.

వెండిరంగు గొట్టం మీద గడ్డి నల్లబడి భగ్గుమంది. మెరిసేదాని మీద పొగ లేచింది. బూడిదరంగు గొట్టం మీద పరకలు కాస్త ఎర్రబడి అలాగే ఉండిపోయాయి. పెంటయ్య వంగి ఆ పరకల వంకే చూశాడు.

“గిదే వెయ్యిండ్రి.” బేరం కూడా ఆడలేదు. “కానీ మెరవొద్దు. పాత లెక్కనే కనవడాలె.”

“దిష్టి తగులుతుందనా?”

“అవ్ సార్, గదే అనుకోండ్రి.”

“పూత వేశాం కదా అని నిద్రపోకండి. రోజూ గడ్డిపొట్టు ఊడ్చాలి. ఇంతకీ గడ్డి అంటే ఎందుకండీ అంత బెంగ?”

పెంటయ్య చేతుల్లో తువ్వాలు మెలితిప్పుతూ నిలబడ్డాడు. “పోయినేడు కోస్తుంటె పొట్టు పోయి గీ టర్బో మీద వడ్డది. రెండెకరాల వరి. గంట గూడ వట్టలే. ఎయిర్‌పోర్టు కింద భూమి పోంగ మిగిలిందే గంత.”

హరిప్రసాద్ గొట్టం పక్కన పెట్టి అతని వైపు తిరిగాడు. ఆయనా తెనాలి వైపు రైతు బిడ్డే. “ఆ రైతుకి ఏమైనా ఇచ్చారా?”

“ఏమియ్యలే. ఎండకు అంటుకున్నదన్నరు.”

“ఛీ! మనుషులు చేసే పనేనా అది? అతను ఊరుకున్నాడా?”

“ఊకోక ఏం జేస్తడు? కొట్లాడితె ఈ యేడు మిషన్ రాదు. కోసేటోళ్లు దొర్కుతలేరు, అందరు ఎయిర్‌పోర్టు పనులకే పోవట్టిరి. రేపు మల్ల గా చేనుదే వంతు.”

కాలిన చేలోకే మళ్లీ దిగబోతున్నారన్నమాట! ఈ పని చేయనని చెప్పి పంపేద్దామనుకున్నాడు హరిప్రసాద్. కానీ ఆ పొలమేం పాపం చేసింది?

“చేస్తాను. మీ మొహం చూసి కాదు, ఆ రైతు మొహం చూసి.”

పెంటయ్య తలొంచుకున్నాడు. “గంతే చాలు సార్.”

ఇక అక్కణ్ణుంచి అతనికి కాలు ఒకచోట నిలవలేదు. షెడ్డులోకి, రోడ్డు మీదికి, మళ్లీ షెడ్డులోకి. ఓవెన్ తలుపు దగ్గర కూర్చుని, పొయ్యి మీద పాలు కాపలా కాస్తున్నట్టు చూశాడు. అంతలో ఫోను మోగితే ఉలిక్కిపడి లేచాడు.

“రుక్కమ్మా, లేచిండ్రా? గట్లనే పండనియ్యి. ఒకవేళ లేస్తె ఇంకింత యాట కూర వెయ్యి. సీసలు మంచం కింద ఉన్నయ్... అవ్, వస్తున్న, వస్తున్న!”

“ఇంట్లో చుట్టాలా?” అన్నాడు హరిప్రసాద్ ఎత్తిపొడుపుగా. ఒకరి నోటికాడ కూడు కాల్చి, ఇంట్లో మాంసం కూరలు!

“అవ్ సార్. పొద్దుగాల్లనే దావత్ ఇచ్చిన. ఆళ్లు లేచెలోపల పోవాలె.”

మూడు దాటి పది నిమిషాలకి సామాను బయటికొచ్చింది. మాసిన బూడిదరంగులో, మెరుపు లేకుండా, అడిగినట్టే ఉంది. పూర్తిగా చల్లారకముందే పెంటయ్య దాన్ని గోనెలో చుట్టి, గుండెకి హత్తుకుని ఆటో వైపు పరుగెత్తాడు. హరిప్రసాద్ కార్డు పట్టుకుని వెంటపడ్డాడు.

“ఆగండి! గ్యారంటీ కార్డు! మిషన్ యజమాని అన్నచోట మీ పేరు రాయాలి.”

ఆటో కదిలింది. పెంటయ్య తల బయటికి పెట్టి, మొదటిసారి నవ్వాడు.

“మిషన్ మా ఇంట్ల పండుకున్నోళ్లది సార్, కాలిన చేను నాది!”