టార్చికి జవాబు

చంద్రుడి చీకటి భాగం మీద ఉల్క పడితే చిన్న మెరుపు మెరుస్తుంది. చవితి చంద్రుడున్న సాయంత్రాల్లో మనోజ్ఞ విజయవాడలో తన డాబా మీంచి ఆ మెరుపుల కోసం టెలిస్కోపుతో వీడియో తీస్తుంది. నలభై కిలోమీటర్ల అవతల హనుమాన్ జంక్షన్‌లో కాశీరావు మాస్టారూ తీస్తారు. ఇద్దరి వీడియోల్లోనూ మెరుపు ఒకే క్షణంలో పడితేనే నమ్ముతారు. టైము గుర్తుకోసం ఆమె ముందుగా టెలిస్కోపు ఎదుట టార్చి మూడుసార్లు వెలిగించి ఆర్పుతుంది.

ఆ రోజు టార్చి ఆర్పిన రెండున్నర సెకన్లకు చంద్రుడి మీద మూడు మెరుపులు మెరిశాయి. వెలుగు అక్కడికి వెళ్లి రావడానికి పట్టేది అంతే.

వెంటనే ఫోన్ చేసింది. "మాస్టారూ, మీకూ పడ్డాయాండీ?"

"పడ్డాయమ్మా. మూడు. అదే చోట."

అక్కడితో ఊరుకోవాల్సింది. చేయి ఊరుకోలేదు. మళ్లీ వెలిగిస్తే జవాబు రెండు సెకన్లకే వచ్చింది. ఇంకోసారి వెలిగిస్తే ఒక్క సెకనుకే వచ్చింది. జవాబిస్తున్నదేదో దగ్గరికొస్తోందని ఆమెకు తెలిసింది. టార్చిలోంచి బ్యాటరీలు ఊడదీసి పిట్టగోడ మీద పెట్టింది. కింద వీధిలో కుక్కలు కూడా అరవడం మానేశాయి.

"ఇంకా కనపడుతున్నాయాండీ?"

"కనపడుతున్నాయి గానీ, చంద్రుడి మీద కాదమ్మా. బాగా కిందికొచ్చేశాయి. మీ బెజవాడ మీదే. ఆ టార్చి ఆపెయ్ తల్లీ!"

"ఎప్పుడో ఆపేశానండీ."

వెనక నుంచి వచ్చిన వెలుగులో ఆమె నీడ ఆ బ్యాటరీల మీద మూడుసార్లు పడింది.