బంగళా వెనక కాలువ

"బాబూ, నీళ్లు మోకాళ్లు దాటేసినాయి. ఒక్క మెట్టు మీదికైనా రానియ్యండి!"

సర్కారు బంగళా గోడ అడుగున ఉన్న ఊచల కిటికీ దగ్గర బోర్లా పడుకుని కనక అరిచింది. లోపల నేలమాళిగ. సర్కారు అడవిలో పోడు కొట్టాడని ఆమె మొగుడు మంగ్లుని పట్టుకొచ్చి ఏడాది శిక్ష వేసి, కొండమీద జైలు లేక అందులో వేసి తాళం పెట్టారు. ఎనిమిది రోజులుగా వాన వదలడం లేదు.

"మెట్టెక్కనిస్తే నా ఉజ్జోగం పోద్ది," అన్నాడు కాపలా జవాను యర్రయ్య. "నీళ్లొచ్చినాయని తాసిల్దారుగారికి కబురంపినాను. ఆరొచ్చేదాకా నానేటి సెయ్యను?"

"కనకా," లోపల్నించి మంగ్లు పిలిచాడు. "కాళ్లున్నట్టు తెలవడం నేదే. కూకుంటే రొమ్ముదాకా నీళ్లు. నిలబడే కునుకుతన్నాను."

ఆ గొంతు మంగ్లుది లాగా లేదు. కనక లేచి బంగళా చుట్టూ తిరిగింది. వెనకవైపు కొండ వాలు సరాసరి గోడమీదికే దిగుతోంది. చూరునీళ్లూ కొండనీళ్లూ గోడ మొదట్లో మడుగు కట్టి లోపలికి ఇంకిపోతున్నాయి. కొండమీద పాక వేసుకునేవాళ్లెవరూ అలా వదిలెయ్యరు.

"బాబూ, నీళ్లు అడుగునించి ఊరడం నేదు. కొండమీంచి వత్తన్నాయి. పైన కాలవ కొడితే పక్కన పారే గెడ్డలోకి ఎల్లిపోతాయి. గునపం ఇయ్యండి."

"ఒక్కర్తివీ కొడతావేటే?"

"మరెవులున్నారు బాబూ?"

యర్రయ్య గునపమూ పారా తెచ్చి పడేశాడు.

మొదటి రోజు గోడకు పది బారల ఎగువన వాలుకి అడ్డంగా కాలువ తవ్వడం మొదలుపెట్టింది. వేర్లు, రాళ్లు. చేతులు బొబ్బలెక్కి పగిలాయి. రెండోరోజు సాయంత్రానికి కాలువ గెడ్డలో కలిసింది. మూడోరోజు గోడవారన బురద ఎత్తిపోసి, జిగటమన్ను తట్టలతో మోసి, గోడ దగ్గర ఎత్తుగా, బయటికి వాలుగా కాళ్లతో తొక్కింది. పని సగంలో ఉండగా వాన ముదిరింది. కాలువ గట్టు తెగింది. నీళ్లన్నీ మళ్లీ గోడమీదికే వచ్చాయి.

లోపల మంగ్లు కేకైనా పెట్టలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. తెగినచోట వీపు ఆనించి కూర్చుని, చేతికందిన రాయల్లా పక్కన పేర్చుకుంది. మెడదాకా బురద. ఇక అయిపోయింది అనుకుంది.

"లెగు, లెగు," అంటూ యర్రయ్య గొంగళి విసిరేసి వచ్చి పార అందుకున్నాడు.

ఇద్దరూ కలిసి గట్టు నిలబెట్టారు. కొండనీళ్లు గోడవైపు చూడకుండా గెడ్డలోకి పోయాయి. లోపలున్న నీళ్లు మంగ్లు ముంతతో ముంచి కిటికీలోంచి అందిస్తుంటే, రెండు రోజులు కనక ఎత్తి పారబోసింది. ఆఖరికి నేల కనబడింది. యర్రయ్య నిప్పుల కుంపటి లోపల పెట్టి, ఎండుగడ్డి పరిచాడు. మంగ్లు దానిమీద పడుకుని కాళ్లు చాపాడు. ఆ నిద్ర చూస్తూ కనక కిటికీ దగ్గరే కూలబడి ఏడ్చింది.

నాలుగు రోజులకు తాసిల్దారు డోలీలో వచ్చాడు. నేలమాళిగలోకి దిగి బూటుతో నేల గీరాడు. అరచెయ్యి గోడకానించి చూశాడు.

"మోకాళ్లలోతు నీళ్లని కబురంపావు?"

"అప్పుడున్నాయండి. ఆడి పెళ్లాం కాలవ కొట్టిందండి."

కింద ఇద్దరూ ఇంకేదో మాట్లాడుకున్నారు. తాసిల్దారు పైకొచ్చి, కాలువ వెంబడి గెడ్డదాకా నడిచి చూశాడు. కనక చేతులవైపు చూశాడు.

"శభాష్! మా మేస్త్రీలకు చేతకాని పని చేశావు."

ఇన్నాళ్లకు కనక ముఖం విప్పారింది. చేతులు జోడించింది.

"నా పెనిమిటిని ఒగ్గీండి బాబూ."

ఆయన కోటుజేబులోంచి మడత కాగితం తీసి ఒకసారి చదువుకున్నాడు. అడ్డంగా చించి, ముక్కలు జేబులో వేసుకుని డోలీ ఎక్కాడు.

"ఏటి బాబూ ఆ కాయితం? ఎందుకు సింపేసినారు?" కనక యర్రయ్యని అడిగింది.

యర్రయ్య తల ఎత్తలేదు.

"నీళ్లలో మనిసిని ఉంచకూడదు, మంగ్లుని ఇంటికి పంపీమని పైనించొచ్చిన ఉత్తర్వే అది," అన్నాడు. "గది ఆరిపోయింది కదా, ఏడాదీ ఇక్కడే ఉంచమన్నారు."