ట్యాంకు కడిగినారా?

టమోటా మొక్కల తలలు ముడుచుకుపోయాయి. ఆకులు సన్నగా సాగి తాళ్లలా మెలితిరిగాయి. వచ్చిన పూతంతా రాలిపోయింది.

గట్టు మీద నిలబడ్డ ధనంజయ చేతిలో టమోటాకు ఊతం పాతే కట్టె ఉంది. దాన్ని ఎవరి వీపు మీద విరగ్గొట్టాలో అతను అప్పటికే తేల్చుకున్నాడు.

"ఆ డూప్లికేటు మందోని పనే ఇది," అన్నాడు.

పక్కనే ఉన్న భార్య పంకజాక్షి రాలిన పూత వైపే చూస్తూ నిలబడింది. చెప్పాల్సిందంతా ఆమె దగ్గరే ఉంది.

ఆ మందు తెద్దామన్నది ఆమే. చెరకులో కలుపుకు ధనంజయ ఎప్పుడూ చిత్తూరు నుంచి పేరున్న కంపెనీ మందే తెచ్చేవాడు. టీవీలో చూపించే మందు కొట్టకపోతే గడ్డి చావదని అతని నమ్మకం. అలాంటప్పుడు ఏర్పేడు నుంచి ఇమ్మానుయేల్ అనే మనిషి వచ్చి కాణిపాకం దారిలో అంగడి పెట్టాడు. ఎవరూ పేరు వినని కంపెనీల మందులు చవగ్గా అమ్మేవాడు. లోపల మందు ఒకటేనని, డబ్బా మీద పేరే వేరని చెప్పేవాడు.

"నా మాట నమ్మొద్దక్కా. సగం చెరుక్కు మీ మందు కొట్టండి, సగానికి నాది కొట్టండి. మీ కండ్లతోనే సూసుకోండి," అన్నాడు పంకజాక్షితో.

ధనంజయ అలాగే కొట్టాడు.

డబ్బా చేతికిచ్చేటప్పుడు ఇమ్మానుయేల్ ఇంకో మాట కూడా చెప్పాడు. ఏ కంపెనీదైనా సరే, కలుపు మందు కొట్టిన స్ప్రేయరు ట్యాంకును బట్టల సోడా వేసి బాగా కడగాలని. కడగకుండా టమోటా దగ్గరికి మాత్రం తీసుకుపోవద్దని. అడుగున చుక్క మిగిలినా ఆ మొక్క ఓర్వదని.

ఆ మాట విన్నది పంకజాక్షి ఒక్కతే.

ఆమె మరిచిపోలేదు. ఇమ్మానుయేల్ అంగడిలోనే తెచ్చిన పురుగు మందు టమోటాకు కొట్టాల్సిన రోజు కరెంటు పోయే వేళయింది. బోరు ఆగితే నీళ్లుండవు. చెంబుడు నీళ్లు పోసి, ఊపి, పారబోసింది. అందులోనే పురుగు మందు కలిపి మొగుడి భుజానికి ఎత్తింది. ఏమవుతుందిలే అనుకుంది.

ఇప్పుడు చెబుదామంటే భయం. ధనంజయ చెడ్డవాడు కాదు. కోపమొస్తే ముందు చెయ్యి లేస్తుంది, తర్వాత బుద్ధి వస్తుంది, అంతే.

అతను నలుగురిని వెంటేసుకుని అంగడి మీదికి పోయాడు. నోటికొచ్చినట్టు తిట్టాడు. ఇమ్మానుయేల్ అంగడికి తాళమేశాడు. చేను చూస్తానని వాళ్ల వెంటే వచ్చాడు.

మొక్కల మధ్య కాసేపు తిరిగాడు. ఒక ఆకు తుంచి చూశాడు. షెడ్డులో ఉన్న ట్యాంకు మూత తీసి, మళ్లీ పెట్టాడు. అప్పుడు పంకజాక్షి వైపు తిరిగాడు.

"అక్కా, ట్యాంకు కడిగినారా?"

ధనంజయ కూడా ఆమె వైపు తిరిగాడు. కట్టె ఇంకా చేతిలోనే ఉంది.

"కడిగినానప్పా. సోడా ఏసే కడిగినా."

ఇమ్మానుయేల్ తుంచిన ఆకును కింద పడేసి తల ఊపాడు.

"అట్లయితే తప్పు నా మందుదే," అన్నాడు.

పిచ్చిమారాజు, నమ్మేశాడు అనుకుంది పంకజాక్షి. గుండె కుదుటపడింది. అలా కుదుటపడినందుకే ఆ పూట అన్నం సయించలేదు.

తప్పు ఒప్పుకున్నవాడి దగ్గర మందు ఎవరు కొంటారు? ఆ మాట ఊరూరా పాకింది. అంగడి ముందు మనుషులు పలచబడ్డారు. బస్సులో ఆ దారిన పోయినప్పుడల్లా పంకజాక్షి తల అవతలికి తిప్పుకునేది. దిగి ఒక్క మాట చెబితే సరిపోయేది. వచ్చే వారం చెబుదాంలే అనుకునేది. ఆ వచ్చే వారం మాత్రం రాలేదు.

చెరకు నడుమెత్తు పెరిగాక ఒకరోజు ధనంజయ చేనంతా తిరిగి వచ్చాడు.

"ఈ సగమూ ఆ సగమూ ఒకే మాదిరి ఉండాది. యాడా గడ్డి లేదు. వాని మందు బాగానే పంజేసిందే. మరి టమోటా ఎట్ల పాయ?"

ఇక ఆమె వల్ల కాలేదు. అంతా చెప్పేసింది. చెప్పి, దెబ్బ పడుతుందని తల వంచుకుంది.

ఏ దెబ్బా పడలేదు.

"పద, ఆయప్పకు చెప్పొస్తాం," అన్నాడు ధనంజయ.

వాళ్లు పోయేసరికి అంగడి తలుపులు మూసి ఉన్నాయి. బోర్డు కూడా లేదు. పక్కన టీ అంగడి చంద్రకాంతమ్మను అడిగారు. ఖాళీ చేసి చాలా దినాలైందని, ఎక్కడికి పోయాడో తనకూ తెలియదని చెప్పింది. పంకజాక్షిని ఎగాదిగా చూసి, టమోటా పోయిన వాళ్లు మీరేనా అని అడిగింది. అవునంటే లోపలికి పోయి ఒక పాత ట్యాంకు పట్టుకొచ్చింది. దాని మెడకు ఎర్రగుడ్డ కట్టి ఉంది.

"ఇది నీకు ఇమ్మన్నాడు. గడ్డి మందుకు దీన్ని వేరేగా పెట్టుకుంటే కడిగే బాధ ఉండదంట."

పంకజాక్షి చేతులు చాచలేకపోయింది.

"ఎప్పుడిచ్చినాడమ్మా?" అని ధనంజయ అడిగాడు.

"మీ చేను సూసొచ్చిన దినమే, ఈ యమ్మ ఎప్పుడైనా ఈ దారిన వస్తే ఇమ్మని. కడగలేదని తెలిసి కూడా తప్పు నెత్తినేసుకుంటివే, ఇంక నీ అంగడి ఏం కావాల అని నేనే తిట్టినా," అంది చంద్రకాంతమ్మ. "అంగడి యాడైనా పెట్టుకోవచ్చమ్మా, ఆ యక్క మొగుని చేతిలో కట్టె ఉన్నింది అన్నాడు."