రెండో అంకె

"ఈ సినిమా ఎవరూ చూడకపోతే నాకేం బెంగ లేదు. చూస్తారనే భయం. ఆ ఒక్క ముక్కా కత్తిరించెయ్యవే తల్లీ, నీకు పుణ్యముంటుంది."

లైబ్రరీ మేడమీద హాల్లో కుర్చీలు సర్దుతున్న కూతురు తల తిప్పలేదు. "అరగంటలో ఆట పెట్టుకుని ఇప్పుడా అమ్మా? రెండేళ్లు తీసిన డాక్యుమెంటరీ ఇది. ఆ ముక్క తీసేస్తే మిగిలేది చెట్లూ పుట్టలే."

"చెట్లే చూపించు. చెట్లనెవరూ తిట్టరు."

"నిన్ను మాత్రం ఎవరు తిడతారు? పోయిన నెల వేరే ఊళ్లో వేశాను కదా. ఏడ్చారు, అంతే."

"వాళ్లు పరాయివాళ్లు. ఇవాళ మీ నాన్న చూస్తారు. ఆయనక్కూడా చెప్పని మాటే అది. రేపణ్ణించి ఆ మొహం ఎలా చూడను?"

అంతలో భర్త మెట్లెక్కి వచ్చాడు. "ఏమిటి, ఇవాళ దేనికి భయం? ఫ్యాను ఊడిపడుతుందా, మంటలొస్తాయా?"

"వేళాకోళాలు చాలు. తలుపులెటు తెరుచుకుంటాయో చూశారా?"

"చూశాను. రెండున్నాయి, రెండూ బయటికే. లెక్క కానివ్వు, కూచుందాం."

లెక్క లేనిదే ఆమె ఎక్కడా కూచోదు, ఎక్కణ్ణించీ లేవదు. అది ఆమె తండ్రి నేర్పింది. "ఒకటి" అంది. తర్వాత ఒక్క ఊపిరి సేపు ఎవరూ పలకలేదు. ఆ ఖాళీ చిన్నప్పుడు తప్పిపోయిన చెల్లెలిది. అప్పుడు భర్త "మూడు" అన్నాడు, కూతురు "నాలుగు" అంది.

"తాళి కట్టిన రోజు నుంచీ నాది మూడో నంబరే" అని ఆయన గొణిగాడు. ఎన్ని గొణిగినా ఒక్కనాడూ పొరపాటునైనా "రెండు" అనలేదాయన. అది తలుచుకున్నప్పుడల్లా ఆమెకి ఆయన చేతులు కళ్లకద్దుకోవాలనిపిస్తుంది.

చివరి వరుసలో ఒక కుర్చీ మీద కూతురు తన శాలువా పరిచి ఉంచింది.

"అదెవరికే?"

"పోయిన నెల ఆట చూసి, ఇక్కడికీ వస్తామన్నవాళ్లకి."

"పోలీసులా?"

"అమ్మా!"

కిటికీలకి తెరలు దించారు. సినిమా మొదలైన కాసేపటికి ఎవరో ఒకావిడ మెల్లిగా వచ్చి ఆ శాలువా కుర్చీలో కూచుంది. తల్లి భర్త వైపు వంగింది. "ఏవండీ, ఆవిడ చేతిలో ఫైలుంది. కేసు వెయ్యడానికే వచ్చింది."

"అది చేతిసంచి. నువ్వు తెర చూడు."

తెర మీద తన మొహమే. వంటింట్లో స్టవ్వు పక్కన నిలబడి చెబుతోంది. "ఆనకట్ట నీళ్లకి మా ఊరు మునిగిపోతుందని, ఖాళీ చేయించడానికి లారీలు తెచ్చారు. నాకు తొమ్మిదేళ్లు, చెల్లికి అయిదు. నాన్న దాని చెయ్యి నా చేతిలో పెట్టి, లెక్క తప్పకూడదని చెప్పి సామాన్లకి వెళ్లాడు. అదేమో పిల్లికూన కావాలని ఒకటే ఏడుపు. ఆ కూన పొయ్యి వెనకాల ఉండిపోయింది. జనం, తోపులాట. లారీ వెనక కొక్కెం కాబోలు, చేతికి కసుక్కున దిగింది."

తెర మీది మనిషి మణికట్టు ఎత్తి చూపించింది. నెలవంకలా పాత మచ్చ.

"అబ్బా అని వదిలేశాను. తిరిగి చూస్తే అది లేదు. జనంలో తప్పిపోయిందని అందరికీ చెప్పాను. తప్పిపోలేదు. నేనే చెయ్యి వదిలేశాను. నాన్న పోయేదాకా కూడా చెప్పలేకపోయాను."

కుర్చీలో ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. భర్త లేచి వెళ్లిపోతాడనుకుంది. చీకట్లో ఆయన చెయ్యి వచ్చి ఆమె మణికట్టు మీద, సరిగ్గా ఆ మచ్చ మీద, ఆగింది.

"ఇన్నేళ్లూ ఒక్కదానివే మోశావా, పిచ్చిదానా" అన్నాడు. అంతే.

లైట్లు వెలిగాక ఒక్కరూ తిట్టలేదు. చేతికర్ర పట్టుకున్న ఓ పెద్దాయన దగ్గరకొచ్చి, "సినిమాలో చూపించిన మన ఊరి పాత ఫోటోలో మా గుమ్మం కనిపించిందమ్మా. మళ్లీ చూస్తాననుకోలేదు. నీ కూతురు చల్లగా ఉండాలి" అని కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగాడు. ఆమె కూతుర్ని దగ్గరికి లాక్కుంది. "ఆ ముక్క తియ్యకపోవడమే మంచిదైంది. నా మాట వినకపోవడం నీకిన్నాళ్లకి పనికొచ్చింది" అంటూ నవ్వబోయి ఏడ్చేసింది.

జనం ఒక్కొక్కరే దిగిపోయారు.

"ఇక వెళ్దాం. లెక్క పెట్టమ్మా" అంది కూతురు.

ఎప్పుడూ లెక్కంటే విసుక్కునే పిల్ల, ఇవాళ తనే అడిగింది. తల్లికి కాస్త వింతగానే అనిపించింది.

"ఒకటి" అంది.

ఊపిరి సేపు గడిచింది. భర్త "మూడు" అనాలి. అనడానికి నోరు తెరిచాడు కూడా. కూతురు పెదాల మీద వేలు పెట్టుకోవడం చూసి ఆగిపోయాడు.

"ఏమైందండీ? పలకరేం? గుండెల్లో నొప్పా?"

నెత్తిన ఫ్యాను కిర్రుమంటోంది. భర్తా కూతురూ ఇద్దరూ ఆమె వెనక్కి చూస్తున్నారు. ఆమె కూడా తిరిగింది. అందరూ వెళ్లినా శాలువా కుర్చీలో ఆవిడ ఇంకా వెళ్లలేదు. కుర్చీ పట్టుకుని మెల్లిగా లేచింది. ఏదో అనబోయి, మింగి, మళ్లీ నోరు తెరిచింది.

"రెండు" అంది. "నువ్వు వదల్లేదక్కా. అది కొక్కెం కాదు. పిల్లికూన కోసం నేనే కొరికాను."